కవ్వం డైరీ: మిక్సీలో వెన్న వస్తుంది, చల్ల రాదు

జనవరి 18

మొన్న సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాం. తెనాలి పక్కన పల్లె. అమ్మమ్మ పోయి ఆరేళ్లయింది, ఇప్పుడు ఇల్లు బేరం పెట్టారు. ఎవరికి కావలసిన సామాను వాళ్లు తీసుకోండి అన్నాడు పెద్ద మామయ్య. అందరూ ఇత్తడి బిందెలూ గంగాళాలూ చూసుకుంటుంటే నేను అటక ఎక్కి కవ్వం దించుకున్నాను.

దాదాపు మూడడుగుల కోల. అడుగున తామరమొగ్గలా చెక్కిన తల, దానికి ఎనిమిది రెక్కలు. రెండు రెక్కలు విరిగిపోయాయి, ఒకటి చీలింది. కోల నడుము దగ్గర తాడు ఒరుసుకుని ఒరుసుకుని రెండు వేళ్ల వెడల్పున గాడి పడింది. ఆ గాడిలో వేలు పెట్టి చూస్తే ఏటి రాయిలా నున్నగా ఉంది. నలభై ఏళ్ల పాటు రోజూ తెల్లారుజామున అమ్మమ్మ లాగిన తాడు చేసిన పని అది. కారులో వెనక సీటు మీద పెట్టుకుని గుంటూరు దాకా దాని మీద చెయ్యి వేసే కూర్చున్నాను.

ఉగాది లోపల ఈ కవ్వంతో పెరుగు చిలికి వెన్న తీయడం నేర్చుకోవాలి. చిన్నప్పుడు చూడటమే గానీ ఎప్పుడూ తాడు పట్టుకోలేదు. ప్రతిసారీ పాలెన్ని, పెరుగు ఎంత చల్లగా ఉంది, ఎంతసేపు చిలికాను, వెన్న ఎన్ని గ్రాములు వచ్చింది అని రాసుకుంటాను. దాంతోపాటు మా అత్తయ్యకు తెలిసిన పద్ధతులన్నీ రాసి పెడతాను. ఆవిడకు ఇప్పుడు 74 ఏళ్లు, పుట్టిల్లు పొన్నూరు వైపు. పెళ్లయ్యే దాకా చల్ల, అంటే మజ్జిగ, చిలకడం ఆవిడ వంతేనట.

కవ్వం చూసి ఆవిడ మురిసిపోతారనుకున్నాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "కవ్వం ఒక్కటుంటే సరిపోతుందా అమ్మాయ్? కుండేదీ, కుదురేదీ, తాడేదీ, గుంజేదీ?" అన్నారు.

జనవరి 22

నాలుగూ ఒక్కొక్కటే కుదురుతున్నాయి.

విరిగిన రెక్కలు జిగురుతో అతికించవచ్చేమో అని లాలాపేటలో ఒక వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లాను. రోజూ పుల్లటి పెరుగులో నానే చెక్కకు జిగురు ఆగదనీ, ఆగినా అది కడుపులోకి పోతుందనీ ఆయనే వద్దన్నాడు. కోల అలాగే ఉంచి, టేకు ముక్కతో కొత్త తల చెక్కి, చెక్క చీలతోనే బిగించి ఇచ్చాడు. మేకు వాడలేదు. 350 రూపాయలు తీసుకున్నాడు. ఇప్పుడు తల కొత్తది, కోల అమ్మమ్మది. కొత్త తలను రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి, వేడి గంజిలో ఒక పూట ఉంచాను. చెక్క వాసన చాలావరకు పోయింది.

కుండ కొత్తపేటలో కొన్నాను, ఎనిమిది లీటర్లు పట్టేది. నేరుగా పెరుగు పోస్తే మట్టి వాసన వస్తుంది, కుండ కూడా పీల్చేస్తుంది. అందుకని ఒక రోజంతా నీళ్లు నింపి ఉంచి, మర్నాడు బియ్యం కడుగుతో, తర్వాత గంజితో నింపి, ఎండలో బోర్లించాను. ఇంట్లో అందమైన ఇత్తడి గిన్నె ఉంది కదా, అందులో చిలికితే ఏం అని అడిగాను. కళాయి లేని ఇత్తడిలో పెరుగు పోస్తే కిలుమెక్కుతుంది, నోట పెట్టలేం అన్నారు అత్తయ్య.

కుదురు ఆవిడే చేశారు. వరిగడ్డి దొరకలేదు, పాత నూలు చీర మెలితిప్పి చుట్ట చుట్టారు. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి కింద కుదురు లేకపోతే నాలుగు లాగుళ్లకే దొర్లుతుంది.

అపార్ట్‌మెంట్‌లో గుంజ ఎక్కడ దొరుకుతుంది? మాది బ్రాడీపేట నాలుగో లైనులో మూడో అంతస్తు. చివరికి వంటింటి కిటికీ ఊచలకు రెండు ఉచ్చులు వేశాం, ఒకటి పైన, ఒకటి కింద. కోల ఆ ఉచ్చుల్లో నిలబడి తిరుగుతుంది. గుమ్మం దగ్గర గ్రిల్ ఇంకా గట్టిగా ఉంది గానీ అత్తయ్య ఒప్పుకోలేదు. గడప దగ్గర కవ్వం ఆడించకూడదట, లక్ష్మి వచ్చే దారిలో అడ్డంగా కూర్చున్నట్టు అట.

జనవరి 24

ఇవాళంతా పాలతోనే సరిపోయింది.

మొదట ప్యాకెట్ పాలతోనే చేద్దామనుకున్నాను. కానీ చాలా ప్యాకెట్ పాలను హోమోజినైజ్ చేస్తారు, అంటే కొవ్వు బొట్లను బాగా సన్నగా చితక్కొట్టి పాలంతా సమంగా కలిసిపోయేలా చేస్తారు. అలాంటి పాలలో మీగడ పైకి తేలదు, పెరుగు చిలికినా కొవ్వు ముద్ద కట్టదు. పైగా టోన్డ్ పాలలో వెన్న 3 శాతమే, డబుల్ టోన్డ్ అయితే ఒకటిన్నర. బర్రె పాలలో 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. పెదకాకాని వైపు నుంచి మా లైనుకు పాలు పోసే ఆయనకు చెప్పి, ఇవాళ సాయంత్రం పితికిన బర్రె పాలు మూడు లీటర్లు తెప్పించుకున్నాను.

అమ్మమ్మ వాళ్లింట్లో పెరట్లో దాలి ఉండేది. నేలలో గుంట, అందులో పిడకల నిప్పు, పైన బూడిద, ఆ వేడి మీద పాలకుండ. పొద్దున పెడితే సాయంత్రం దాకా పొంగకుండా, మాడకుండా సన్నగా కాగుతూనే ఉండేవి. లేత ఎరుపు రంగు తిరిగి, పైన అట్టలాంటి మీగడ కట్టేది. ఆ పొగ వాసన పెరుగులోకీ వచ్చేది, వెన్నలోకీ వచ్చేది. నేను గ్యాస్ పొయ్యి మీద పెనం పెట్టి, దాని మీద గిన్నె పెట్టి, సన్న సెగన గంటన్నర కాచాను. ఎరుపైతే రాలేదు, మీగడ మాత్రం బాగా కట్టింది.

తోడు దగ్గర అత్తయ్య నన్ను పక్కకు జరిపి తనే వేశారు. చిటికెన వేలు పాలలో ముంచి పది లెక్కపెట్టే దాకా ఉంచగలిగితే అదే వేడి. నేను థర్మామీటర్ పెట్టి చూశాను, 41 డిగ్రీలు. ఆవిడకు ఆ అంకెతో పనిలేదు. చెంచాడు గడ్డ పెరుగు వేళ్లతో చిదిపి, గిన్నె అంచు నుంచి జారవిడిచారు. చలికాలం కదా, గిన్నె చుట్టూ తువ్వాలు చుట్టి పొయ్యి గట్టు మూల పెట్టారు.

జనవరి 25

మొదటి చిలుకుడు. ఆదివారం కదా అని నింపాదిగా తొమ్మిదిన్నరకు కూర్చున్నాను.

కవ్వానికి పసుపు రాసి బొట్టు పెట్టారు అత్తయ్య. పెరుగు కుండలో పోసి, లీటరున్నర నీళ్లు కలిపి, తాడు మూడు చుట్లు వేసి మొదలుపెట్టాను. హార్డ్‌వేర్ షాపులో కొన్న నైలాన్ తాడు. అమ్మమ్మ గాడి అంత నున్నగా ఉంటే నైలాన్ దాని మీద జారుతుందే గానీ పట్టదు. నేను ఇటు లాగితే కవ్వం తిరగదు, తాడే తిరుగుతుంది. పదిహేను నిమిషాలకు అరచేతులు ఎర్రబడ్డాయి. ఇక లాభం లేదని పాత చీర అంచు చింపి మూడు పేటలుగా జడ అల్లి తాడు చేసుకున్నాం. నూలు తాడు కాస్త తడిసేసరికి కర్రను గట్టిగా పట్టుకుంది.

మొత్తం యాభై నిమిషాలు పట్టింది. పైన తెల్లటి నురగ, ఆ నురగలో తడి సున్నంలా మెత్తటి వెన్న. చేత్తో తీస్తే వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. ఎంత కూడదీసినా 110 గ్రాములు. మూడు లీటర్లలో 7 శాతం లెక్కన 210 గ్రాముల కొవ్వు ఉండాలి. సగానికి పైగా చల్లలోనే ఉండిపోయింది.

పెరుగు వేడి చూస్తే 27 డిగ్రీలు. "పొద్దెక్కాక ఎవరన్నా చల్ల చిలుకుతారా?" అన్నారు అత్తయ్య. ఆ మాట ముందే చెప్పవచ్చు కదా అంటే, ఒకసారి పోగొట్టుకుంటే మళ్లీ మర్చిపోవు అన్నారు.

ఫిబ్రవరి 1

ఇవాళ వచ్చింది! తెల్లారుజామున ఐదుంబావుకు మొదలుపెట్టాను. పెరుగు 21 డిగ్రీలు. 26 నిమిషాల్లో 195 గ్రాములు.

ఆ ఇరవయ్యారు నిమిషాల గురించి రాయాలి.

మొదట్లో పెరుగు గడ్డలు చితికేటప్పుడు కవ్వం బరువుగా ఉంటుంది, గుబుక్ గుబుక్ మని శబ్దం. ఐదు నిమిషాలకు పెరుగు పల్చబడి లాగుడు తేలికవుతుంది, అప్పుడు జుయ్ జుయ్ మని ఒకటే రాగం. కుడిచెయ్యి లాగినప్పుడు ఎడమచెయ్యి వదలాలి, వదలడం కూడా మెల్లగా వదలాలి. బలం చేతుల్లోంచి కాదు, భుజం వెనక నుంచి రావాలి. నురగ కుండ మెడ దాకా లేచింది. పద్దెనిమిదో నిమిషంలో నురగ ఉన్నట్టుండి కుంగింది. శబ్దం మారింది. జుయ్ మనడం పోయి తప్ తప్ మని, తడిబట్టతో కొట్టినట్టు. అత్తయ్య పక్క గదిలో విష్ణు సహస్రనామం చదువుకుంటున్నారు. అక్కడి నుంచే "ఆపు, ఆపు, చన్నీళ్లు పొయ్యి" అన్నారు. చూడనే లేదు, చెవితోనే పట్టేశారు.

ఒక చెంబు చన్నీళ్లు పోసి, ఇంకో ఐదారు నిమిషాలు మెల్లగా ఆడించాను. ఆవగింజలంత పలుకులు కనిపించాయి, తర్వాత శనగపప్పు అంత, తర్వాత కవ్వం రెక్కలకు పూలు పూసినట్టు అంటుకున్నాయి. చెయ్యి చన్నీళ్లలో తడిపి కుండలో పెట్టి అంచు వెంబడి ఒక చుట్టు తిప్పితే పలుకులన్నీ వచ్చి అరచేతిలో చేరాయి. తడి చేతికి వెన్న అంటదు. ముద్ద చేసి, చన్నీళ్లలో మూడుసార్లు కడిగాను, నీళ్లు తేటగా వచ్చే దాకా. బర్రె వెన్న కాబట్టి మల్లెపువ్వంత తెల్లగా ఉంది. ఆవు పాలలో కెరోటిన్ మిగిలి ఉంటుంది కాబట్టి ఆ వెన్న పచ్చగా వస్తుంది. బర్రె ఆ కెరోటిన్‌ను విటమిన్ ఏ గా మార్చేసుకుంటుంది.

21 దగ్గర వచ్చి 27 దగ్గర ఎందుకు రాలేదో చదువుకున్నాను. పాలలో కొవ్వు కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా ఉంటుంది, ఒక్కో బొట్టు చుట్టూ పల్చటి పొర. కవ్వం దెబ్బకు ఆ పొర చిరుగుతుంది. అప్పుడు లోపలి కొవ్వు సగం గట్టిగా, సగం మెత్తగా ఉంటేనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మరీ వేడైతే కారిపోయి జిడ్డుగా చల్లలో కలిసిపోతుంది. మరీ చల్లనైతే గట్టిపడి ఒకదానికొకటి అంటుకోవు. చలికాలంలో కాసిని గోరువెచ్చటి నీళ్లు, ఎండాకాలంలో కుండ నీళ్లు పొయ్యాలని అత్తయ్య చెప్పేది ఇందుకే.

మొదటి వెన్న ఎవరికి అన్నదానికి మా ఇంటి పద్ధతి ఇది. గోరంత వెన్న తీసి ముందు కవ్వం తలకు అంటించాలి. తర్వాత కృష్ణుడి పటం ముందు తులసాకు మీద. ఆ తర్వాత ఇంట్లో చిన్నపిల్లల అరచేతిలో. మా బాబు నిద్రకళ్లతో వచ్చి చెయ్యి చాపి నాలుకతో అద్దుకుంటుంటే, వాడి వెనక వంటింటి గుమ్మానికి ఆనుకుని నా చిన్నతనం నిలబడి ఉన్నట్టే అనిపించింది.

ఇదంతా అయ్యాక చూస్తే కుండలో నాలుగు లీటర్ల పైన చల్ల. మేం నలుగురం. ఏం చేయాలి?

ఫిబ్రవరి 4

మిక్సీ వద్దనుకున్నాను గానీ, పోల్చి చూడకుండా కవ్వమే గొప్ప అని రాయడం న్యాయం కాదనిపించింది. నాలుగు రోజుల పెరుగు మీద మీగడ తీసి ఫ్రిజ్‌లో పెట్టి, ఇవాళ ఐసు నీళ్లు పోసి మిక్సీలో తిప్పాను. నాలుగు నిమిషాల్లో 180 గ్రాముల వెన్న. గట్టిగా, బాగా వచ్చింది. రుచిలో కొంచెం పులుపు ఎక్కువ, నాలుగు రోజుల మీగడ కదా. ఆఫీసుకు పరుగెత్తే వాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు, ఎవరన్నా అడిగితే ఇదే చెబుతాను.

కానీ చల్ల ఎంత వచ్చిందని చూస్తే ఒక గ్లాసున్నర.

గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను. మిక్సీలో మీగడ ఒక్కటే తిప్పుతాం, పెరుగు మన అన్నంలోకి ఉండిపోతుంది. కవ్వంతో అయితే పెరుగంతా చిలకాలి. అరకిలో కూడా లేని వెన్న కోసం కుండెడు చల్ల తయారవుతుంది. అది ఒక ఇంటికి పట్టదు, రెండో రోజుకు పుల్లబడుతుంది. అంటే పాడి ఉన్న ప్రతి ఇంటి నుంచీ పొద్దున్నే చల్ల బయటికి వెళ్లక తప్పదు. అమ్మమ్మ వాకిట్లో ముంతలు పట్టుకుని జనం ఎందుకు నిలబడేవాళ్లో ఇన్నాళ్లూ ఆవిడ మంచితనం అనే అనుకున్నాను. మంచితనమే, కానీ ఆ మంచితనానికి కవ్వం రోజూ పని కల్పించేది.

ఫిబ్రవరి 8

ఉదయం 20 డిగ్రీలు, 28 నిమిషాలు, 200 గ్రాములు. వెన్న గురించి ఇంతే, ఇక ఇవాళ్టి సంగతంతా చల్లదే.

రెండు లీటర్లు మాకు ఉంచుకుని మిగతాది స్టీలు క్యానులో పోసుకుని కింది అంతస్తుకు దిగాను. పదేళ్లుగా ఇదే బిల్డింగ్‌లో ఉంటున్నాం, వినాయక చవితి చందాకు తప్ప ఎవరి తలుపూ కొట్టింది లేదు. మొదటి తలుపు తీసిన ఆవిడ క్యాను చూసి "ఎంతండీ లీటరు?" అన్నారు. డబ్బులకు కాదండీ, ఇంట్లో చిలికింది అంటే నమ్మడానికి ఆవిడకు కాస్త టైమ్ పట్టింది. రెండో ఫ్లాట్‌లో షుగర్ ఉందని వద్దన్నారు, చల్లకూ షుగర్‌కూ ఏం పేచీ లేదని చెప్పాక ఒక గ్లాసు తీసుకున్నారు. వాచ్‌మన్ భార్య మాత్రం ఏమీ అడగలేదు. గిన్నె పట్టింది, పోస్తుండగానే ఒక గుక్క తాగి "మా అమ్మ చేసినట్టుంది" అంది. వాళ్లది పల్నాడు వైపు.

ఇంటికొచ్చి ఎంతండీ అన్న మాట చెబితే అత్తయ్య బాధపడ్డారు. వాళ్ల ఊళ్లో కాపురస్తుల ఇళ్లలో పాలు అమ్మేవాళ్లు, నెయ్యి అమ్మేవాళ్లు, చల్ల మాత్రం అమ్మేవాళ్లు కాదట. చల్ల అమ్ముకున్నారంటే ఆ ఇల్లు చితికిందని అర్థమట. అమ్ముకునేవాళ్లు వేరే ఉండేవాళ్లు. గొల్లవాళ్ల ఆడవాళ్లు కుండ మీద కుండ నెత్తిన పెట్టుకుని "చల్లో చల్ల" అని కేకేస్తూ వచ్చేవాళ్లు. అది వాళ్ల జీవనం, అందులో చిన్నతనం ఏమీ లేదు. కూచిపూడి వాళ్ల గొల్లకలాపంలో నాయిక కూడా పాలూ పెరుగూ అమ్ముకునే గొల్లభామే, బ్రాహ్మణుడికి ఎదురు నిలిచి వేదాంతం వాదిస్తుంది.

చల్ల ఇవ్వడానికి ఉన్న పద్ధతులు ఆవిడ చెబుతుంటే రాసుకున్నాను. దీపాలు పెట్టాక పాలు, పెరుగు, చల్ల, ఉప్పు గడప దాటకూడదు. పసిపిల్లల కోసమో జబ్బు మనిషి కోసమో తప్పనిసరైతే గిన్నెలో ఒక పచ్చిమిరపకాయ వేసి ఇవ్వాలి. ఇచ్చిన గిన్నె ఉత్తగా తిరిగి రాకూడదు, అడుగున నాలుగు బియ్యపు గింజలో, చెట్టు కాసిన రెండు నిమ్మకాయలో ఉండాలి. తోడు అడిగితే లేదనకూడదు, ఇవాళ వాళ్లకు తోడు లేదు, రేపు మనకు లేకపోవచ్చు. బర్రె ఈనినప్పుడు జున్నుపాలు ఒక్క ఇల్లు కూడా తప్పిపోకుండా పంచాలి. ముంత వెనక దాచుకుని వచ్చి ఊరి కబుర్లన్నీ చెబుతూ నిలబడే వాళ్లను "చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, ఇటు తే" అని అత్తయ్య వాళ్లమ్మే అడిగి పోసేదట. ఆ సామెత వెటకారమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అత్తయ్య చెప్పినప్పుడు అందులో ఎంత చనువుందో వినిపించింది. అడగడానికి సిగ్గుపడే మనిషికి ఆ సిగ్గు లేకుండా చేసే మాట అది.

ఫిబ్రవరి 16

నిన్న శివరాత్రి. మా ఆయన, బాబు కోటప్పకొండ వెళ్లి ప్రభలు చూసి ఇవాళ తెల్లారి వచ్చారు. వాళ్లు వచ్చేలోపు మూడు విడతల వెన్న కలిపి నెయ్యి కాచాను. వెన్న 590 గ్రాములు, నెయ్యి 450.

మందపాటి గిన్నె, సన్న సెగ. ఇక్కడ కూడా చెవితోనే పని. వెన్నలో ఉన్న నీరు ఆవిరవుతున్నంత సేపూ చిటపట. ఆ చిటపట తగ్గి, పైన నురగ సన్నబడి, అడుగున పలుకులు గోధుమరంగు తిరిగే క్షణంలో దించేయాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా మాడు వాసన. దించే ముందు తమలపాకు వేశాం. మా పుట్టింట్లో మునగాకు రెబ్బ వేసేవాళ్లు. ఆకు గలగలలాడితే నెయ్యి కాగినట్టు. వడగట్టాక అడుగున మిగిలిన గసిలో బెల్లం పొడి, రెండు ముద్దల వేడన్నం కలిపి తిన్నాం. ఇల్లంతా ఆ వాసనే, కింది ఫ్లాట్ ఆవిడ ఫోన్ చేసి మరీ అడిగారు.

నెయ్యి కాగేటప్పుడు అత్తయ్య తరిగొండ కథ చెప్పారు. తరిగొండ అంటే రాయలసీమలో భక్త కవయిత్రి వెంగమాంబ పుట్టిన ఊరు. ఒక ఇల్లాలు చల్ల చిలుకుతుంటే కవ్వానికి ఏదో అడ్డం తగిలిందట, చెయ్యి పెట్టి చూస్తే నరసింహస్వామి. చల్ల చిలికే కుండను తరికుండ అంటారు, ఆ తరికుండే తరిగొండ అయిందని చెప్పుకుంటారు. అందుకే కవ్వానికి ఏదైనా తగిలితే తిట్టుకోకూడదు, ఆపి చెయ్యి పెట్టి చూడాలి అన్నారు. మన కుండలో తగిలేది మీగడ గడ్డే కదా అత్తయ్యా అన్నాను. "ఏమో, చూస్తే పోయేదేముంది" అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. కవ్వం మందర పర్వతం, తాడు వాసుకి అని కూడా ఆవిడ అంటారు. తాడు చుట్టేటప్పుడు తల వైపు ఇంటి పెద్దకోడలు పట్టుకోవాలట.

మార్చి 3

పాడైపోయింది. రెండు రోజులుగా ఇదే వరస.

శివ శివా అంటూ చలి నిజంగానే వెళ్లిపోయింది. తెల్లారి ఐదింటికే వంటిల్లు 26 డిగ్రీలు, రాత్రి తోడేసిన పెరుగు ముక్కు పట్టేంత పుల్లబడింది. నలభై నిమిషాలు చిలికినా పలుకు కట్టలేదు. ఆ జిడ్డు నీళ్లను చూస్తుంటే ఏడుపొచ్చింది. మూడు లీటర్ల పాలు లీటరు 90 చొప్పున, అంతకంటే ఎక్కువగా నెల రోజులు నేర్చుకున్నదంతా వృథా అయిందేమో అన్న టెన్షన్.

ఇలాంటప్పుడు అత్తయ్య వాళ్లమ్మ దిష్టి తగిలిందని ఉప్పూ ఎండుమిరపకాయలూ కుండ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేదట. అది అయ్యాక కుండ మూత పెట్టి, మర్నాడు ఇంకా గంట ముందు లేచేదట. అత్తయ్య కూడా అలాగే తిప్పారు, నేను అడ్డు చెప్పలేదు. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని మార్చాల్సినవి మార్చాం. తోడు రాత్రి ఎనిమిదికి కాక పదిన్నరకు, చెంచాడు కాక అరచెంచా. కుండ కింద కుదురు చుట్టూ వెడల్పాటి పళ్లెంలో తడి ఇసుక. కుండ చుట్టూ తడిగుడ్డ. మట్టి కుండ కాబట్టి చెమ్మ బయటికి ఊరి ఆవిరవుతూ లోపల చల్లబరుస్తుంది, స్టీలు గిన్నెకు ఆ గుణం లేదు. కలిపే నీళ్లు ఫ్రిజ్‌వి. చిలకడం నాలుగున్నరకు.

మార్చి 5

పెరుగు 22, సమయం 31 నిమిషాలు, వెన్న 205 గ్రాములు. ఇప్పటిదాకా ఇదే ఎక్కువ. అత్తయ్య సహస్రనామం మధ్యలో ఆపి వచ్చి కుండలోకి తొంగి చూశారు. ఆవిడ అలా ఆపడం ఇదే మొదటిసారి.

మార్చి 11

మూడో తారీఖు నాటి పుల్లచల్ల పారబోయలేదు. గుంటూరులో ఉండి, మిర్చి యార్డు ఘాటు గాలిలో తేలి వచ్చే ఈ రోజుల్లో పుల్లచల్ల పారబోయడమేమిటి? లావుగా పొట్టిగా ఉన్న పచ్చిమిరపకాయలు కిలో తెచ్చి, తొడిమ ఉంచి నిలువుగా ఒక గాటు పెట్టి, ఉప్పు కలిపిన ఆ చల్లలో నానేశాం. రాత్రి చల్లలో, పగలు డాబా మీద ఎండలో. సాయంత్రానికి మళ్లీ అదే చల్లలోకి. చల్లంతా మిరపకాయే తాగేసేదాకా ఇలా చేసి, ఆ తర్వాత గలగలలాడేదాకా ఎండబెట్టాం. ఇవాళ్టికి తెల్లగా, తేలిగ్గా అయ్యాయి. నూనెలో వేయించి ముద్దపప్పులో నంజుకుంటే ఇక కూర ఊసెత్తలేదు ఎవరూ. వెన్న తప్పిన రోజు కూడా ఉత్తిగా పోలేదు.

డాబా మీద కాపలా కూర్చున్నది వాచ్‌మన్ కూతురు. కాకులను తోలుతూ ఆ పిల్లే కాయలు తిరగేసింది. వాళ్ల వాటా ఒక డబ్బాడు.

మార్చి 17

ఉగాది ఎల్లుండి. అనుకున్న గడువు అయిపోయింది. మొత్తం పదకొండు సార్లు చిలికాను, రెండు పాడయ్యాయి. తాడు ఒకటి మార్చాను. కుండ బయట తెల్లటి ఉప్పు పొర కడుతోంది, వేడినీళ్లతో కడిగి ఎండబెడితే పోతోంది. కవ్వం కొత్త తల రంగు మారి కోలతో కలిసిపోతోంది.

చల్ల మొదట్లో నేను మోసుకెళ్లి ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఆరున్నరకల్లా తలుపు దగ్గర మూడు నాలుగు గిన్నెలు. మొదటి రోజు ఎంతండీ అన్న ఆవిడే చిలికిన ప్రతిసారీ అందరికంటే ముందు వస్తున్నారు, గిన్నె తిరిగి వచ్చేటప్పుడు అడుగున కరివేపాకు రెబ్బ. షుగర్ ఆయన వాకింగ్ నుంచి వస్తూ మా దగ్గరే నిలబడి ఒక గ్లాసు తాగి వెళతారు, వచ్చినప్పుడల్లా ఒక పాత కబురు చెబుతారు. నిన్న ఆయన చిన్నప్పుడు తెనాలిలో కృష్ణాష్టమికి ఉట్టి కొట్టబోయి చెయ్యి విరగ్గొట్టుకున్న కథ.

ఇవాళ అందరికీ పోశాక మాకే మిగల్లేదు. అత్తయ్య ఖాళీ కుండ వంచి చూపించి, "రేపటికి మూడు లీటర్లు చాలవమ్మాయ్" అన్నారు. నాలుగు పోయమని పాలాయనకు చెప్పాను. ఎనిమిది లీటర్ల కుండకు నాలుగు లీటర్ల పెరుగూ రెండు లీటర్ల నీళ్లూ మెడ దాకా వస్తాయి, కవ్వం ఆడితే చిందుతాయి. సాయంత్రం కొత్తపేట వెళ్లి పన్నెండు లీటర్ల కుండ చూడాలి. దానికి పెద్ద కుదురు కావాలి, ఈసారి నేనే చుడతానన్నాను.